మామయ్యగారు, నేను, మోసెల్ గట్టు

గురువారం ఉదయం ఆరున్నరకి ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషన్లో రెండు సైకిళ్లతో నిలబడ్డాం. నా పక్కన ఉండాల్సిన మనిషి నస్రీన్. ఉన్నది మా మామయ్యగారు.

2020 సెప్టెంబరు మొదటి వారం అది. ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా మోసెల్ నది వెంట నాలుగు రోజులు సైకిళ్ల మీద వెళ్లాలని నస్రీన్, నేను జూన్ నుంచి అనుకుంటున్నాం. నస్రీన్‌ది హైదరాబాదు. జార్‌బ్రూకెన్‌లో కంప్యూటర్ సైన్స్‌లో రిసెర్చ్ చేస్తోంది. తను అక్కణ్ణుంచి, నేను ఇక్కణ్ణుంచి ట్రియర్ చేరాలన్నది ప్లాను. బుధవారం సాయంత్రం ఫోన్ చేసింది. ల్యాబ్‌లో ఒకతనికి పాజిటివ్ వచ్చిందట. తనని రెండు వారాలు ఇల్లు కదలొద్దన్నారట. "క్యా కరూఁ యార్, సంచి సర్దేసుకుని కూర్చున్నా," అంది.

రాత్రి అన్నాల దగ్గర, రూములు క్యాన్సిల్ చేసేస్తానని కిరణ్‌తో అన్నాను. కిరణ్ నా భర్త. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గరపడింది, పైగా మా నాలుగేళ్ల ఆద్యని కిటా అనే పిల్లల బడిలో దింపి తేవాలి కాబట్టి తనకి కుదిరే పని కాదు. అప్పుడు మామయ్యగారు కంచంలోంచి తలెత్తకుండానే, "సైకిలుంటే నేనొస్తానమ్మా," అన్నారు.

కిరణ్ నవ్వాడు. తర్వాత ఆయన మొహం చూసి ఆపేశాడు. "నాన్నా, రెండొందల కిలోమీటర్లు."

"నాలుగు రోజుల్లో కదరా. అందులో సగం గట్టు మీద దారేనంటగా."

మామయ్యగారు నరసాపురం దగ్గరి పల్లెల్లో ముప్పై నాలుగేళ్లు పోస్ట్‌మ్యాన్‌గా చేశారు. అన్నేళ్లూ సైకిలు మీదే. అత్తయ్యగారు పోయి ఆరేళ్లయింది. ఫిబ్రవరిలో మూడు నెలలుండి వెళ్దామని మా ఇంటికొచ్చారు. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. వీసా పొడిగింపుకి అపాయింట్‌మెంట్ దొరకడానికే నానా తంటాలు పడ్డాం. ప్రత్యేక విమానాలకి పేరు రాయించినా, ప్రతిసారీ సీట్లు నిండిపోయాయనే జవాబు వచ్చేది. అరవై ఆరేళ్ల మనిషి, భాష రాని ఊళ్లో, మూడో అంతస్తులో, మేమిద్దరం హెడ్‌ఫోన్లు పెట్టుకుని తిరిగే ఇంట్లో, ఏడు నెలలు గడిపారు.

దానికి తోడు ఏప్రిల్లో నేను చేసిన పని ఒకటుంది. అప్పుడు మామయ్యగారు మా బిల్డింగ్ కింద బెంచీ మీద పక్కింటి ముసలాయనతో కూర్చుని, ఒకే పొట్లంలోంచి పల్లీలు తింటూ సైగలతో కబుర్లు చెప్పుకుంటున్నారు. బాల్కనీలోంచి చూశాను. భయంతో ఒళ్లు తెలియలేదు. ఇంట్లో చిన్నపిల్ల ఉందని తెలియదా, దానికేమైనా అయితే ఎవరిది బాధ్యత అని పైనుంచే అరిచాను. ఆయన మెట్లెక్కి వచ్చి, చేతులు కడుక్కుని, గదిలోకి వెళ్లారు. ఆ తర్వాత ఒంటరిగా కిందికి దిగలేదు. నేను సారీ చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. అందుకే ప్లాట్‌ఫారం మీద ఆయన పక్కన నిలబడి, నాలుగు రోజులు ఏం మాట్లాడాలా అనే నా బెంగ.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. సైకిలుకి వేరే టికెట్ ఉంటుంది, మరిచిపోవద్దు. సైకిల్ బొమ్మ ఉన్న పెట్టె ప్లాట్‌ఫారం మీద ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకుంటే పరుగు తప్పుతుంది. మాకు తప్పలేదు. కోబ్లెంజ్‌లో బండి మారాం. అక్కణ్ణుంచి ట్రియర్ దాకా గంటన్నర. సగం దూరం రైలు నదిని అంటిపెట్టుకునే వెళ్తుంది. నాలుగు రోజులు తొక్కబోయే దారి కిటికీలోంచి వెనక్కి పరిగెడుతూ కనిపిస్తుంది. మామయ్యగారు మాస్కు మీదుగా కళ్లు పెద్దవి చేసుకుని చూశారు. కోఖెమ్ దాటాక పొడుగాటి సొరంగంలో దూరినప్పుడు మాత్రం, మన దారి ఇందులోంచి కాదు కదా అని అడిగారు.

పదకొండింటికి ట్రియర్లో దిగాం. రోమన్లు కట్టిన నల్లరాతి ద్వారం ఎదురుగా మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. పన్నెండున్నరకి సైకిళ్లెక్కాం. ఆయనది కిరణ్ సైకిలు. సీటు కిందికి దించి, గేర్లు ఎలా మార్చాలో చూపించబోయాను. ఒక్కటి చాలమ్మా అన్నారు. నిజంగానే నాలుగు రోజులూ ఒకే గేరులో తొక్కారు.

ఊరు దాటేదాకా ఇళ్లు, గోదాములు. ఆ తర్వాత నది వంపు తిరిగింది. రెండు వైపులా కొండలు లేచాయి. కొండ వాలంతా దువ్వెనతో దువ్వినట్టు నిలువు వరసల్లో ద్రాక్షతోటలు. దారి నీళ్ల పక్కనే, చదునుగా, తారు వేసి ఉంది. కార్లు రావు. నది ఎటు పారుతుందో మనమూ అటే కాబట్టి ఎక్కడా రొప్పాల్సిన పని లేదు. నేను ముందు, ఆయన వెనక. అరగంటయ్యేసరికి నేను వెనక, ఆయన ముందు. వీపు నిటారుగా, మోకాళ్లు కొద్దిగా బయటికి పెట్టి, ఒకే వేగంతో వెళ్తున్నారు. ఎదురొచ్చిన ప్రతివాళ్లకీ బెల్లు కొడుతున్నారు.

మూడున్నరకి డెట్సెమ్ అనే ఊరి దగ్గర నదికి అడ్డంగా లాకులున్నాయి. సరుకుల పడవ ఒకటి లోపలికి వచ్చి ఆగింది. మామయ్యగారు సైకిలు స్టాండు వేసి రెయిలింగు పట్టుకు నిలబడ్డారు. ఎగువ తలుపులు మూసి నీళ్లు వదలడం, పడవ కొంచెం కొంచెంగా కిందికి దిగడం, దిగువ తలుపులు తెరుచుకోవడం అన్నీ నాకు వివరించారు. మా కాలవ లాకులకి చేత్తో చక్రం తిప్పేవారు, ఇక్కడ మీట నొక్కుతున్నారు, మిగతాదంతా ఒకటే అన్నారు. ఏడు నెలల్లో ఆయన నాతో అంతసేపు మాట్లాడడం అదే మొదలు.

రాత్రి బస నాయ్‌మాగెన్‌లో, ద్రాక్షతోట ఉన్న ఒకాయన ఇంట్లో. నస్రీన్, నేను ఒకే గదిలో ఉందామనుకున్నాం కాబట్టి అన్నిచోట్లా ఫోన్లు చేసి రెండు గదులు అడగాల్సి వచ్చింది. ఆ ఏడు వచ్చేవాళ్లు తక్కువ, ఎవరూ కాదనలేదు. ఇంటావిడ మా పేర్లు, ఫోన్ నంబరు రాయమని కాగితం ఇచ్చి, మామయ్యగారికి వైన్ పోయబోయింది. ఆయన తాగరని చెప్పాను. అయితే అదే తోటలో ద్రాక్ష రసం అని పెద్ద గ్లాసు నింపింది. ఆయన రెండు గ్లాసులు తాగి, తొమ్మిది కాకుండానే నిద్రపోయారు.

శుక్రవారం తొమ్మిదింటికి బయల్దేరాం. టిఫిన్ బల్ల మీద పెట్టడం మానేసి ఆ రోజుల్లో సంచిలో కట్టి ఇచ్చేవాళ్లు. రొట్టె, చీజ్, ఉడికిన గుడ్డు. మామయ్యగారు తన సంచిలోంచి ఆవకాయ సీసా తీసి రొట్టె మీద రాసుకున్నారు. నాకూ రాసిచ్చారు.

పీస్‌పోర్ట్ దాటాక ఒక చిన్న ఊళ్లో, పసుపు రంగు సైకిలు మీద పోస్టులో పనిచేసే ఆవిడ కనిపించింది. యాభై ఏళ్లుంటాయి. ముందొక డబ్బా, వెనక రెండు సంచులు, నిండా ఉత్తరాలు. మామయ్యగారు బ్రేకు వేసి దిగిపోయారు. ఆవిడ ఒక ఇంటి డబ్బాలో ఉత్తరాలు వేసి తిరిగేసరికి, ఈయన దూరంగా నిలబడి ఆ సైకిలు చుట్టూ చూపు తిప్పుతున్నారు. నేను కంగారుగా జర్మన్లో సంజాయిషీ చెప్పాను. ఈయనా పోస్ట్‌మ్యానేనండీ, ఇండియాలో అని. ఆవిడ మాస్కు కింద నవ్వింది. రోజుకి ఎన్ని కిలోమీటర్లు తొక్కేవారని అడిగింది. ఇరవై రెండు, వరదలొస్తే పడవ మీద అన్నారాయన. దీనికి మోటారుంది, నాకు అంత కష్టం లేదు అందావిడ. తర్వాత తనే మోకాలు చూపించి ఏదో అంది. ఆయన తన భుజం చూపించారు. నా అవసరం లేకుండానే ఇద్దరికీ అర్థమైంది.

"కుక్కల సంగతి అడుగు," అన్నారు నాతో.

అడిగాను. ఆవిడ జేబులోంచి గుప్పెడు బిస్కెట్లు తీసి చూపించింది. మామయ్యగారు సంతృప్తిగా తలాడించారు. తానూ అదే చేసేవారట, కాకపోతే మారీ బిస్కెట్లు.

ఒంటిగంటకి బెర్న్‌కాస్టెల్. కట్టెల చట్రాలతో కట్టిన పాత ఇళ్లు, ఒకదాని మీదికి ఒకటి వాలినట్టు ఉంటాయి. కొండ మీద శిథిలమైన కోట. ఎక్కుదామా అని అడిగితే, రాయి రాయి ఊడిపోయిన దానికోసం అంత పైకెందుకమ్మా, ఇక్కణ్ణుంచే బాగుందన్నారు. కింద చౌకులో కూర్చుని పల్చటి ఉల్లిపాయ రొట్టె తిన్నాం. సాయంత్రం అయిదున్నరకి ట్రాబెన్ చేరి, నదికి ఎదురుగా ఉన్న చిన్న అతిథిగృహంలో దిగాం. కిరణ్ వీడియో కాల్ చేశాడు. ఆద్య ఫోన్లో మొహం పెట్టి, తాతా కోటలో రాజు ఉన్నాడా అని సగం తెలుగు, సగం జర్మన్లో అడిగింది. ఆయన తెలుగులో, లేడమ్మా, ఇంటి నుంచే పని చేసుకుంటున్నాడు అన్నారు. నేను పక్క గదిలోంచి విని చాలాసేపు నవ్వుకున్నాను. ఈయనకి హాస్యం ఉందని నాకు తెలియదు.

శనివారం యాభై ఎనిమిది కిలోమీటర్లు, అన్నిటికంటే పొడుగు రోజు. బ్రెమ్ దగ్గర నది పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. అక్కడి కొండ గోడలా ఉంది. దాని మీద కూడా ద్రాక్షే. తోట పనివాళ్లని పైకి లాగడానికి ఒంటి పట్టా మీద నడిచే చిన్న బండి ఉంది. కిందికి దిగుతున్న ఇద్దరు రొమేనియా కూలీలు మాకు చెయ్యూపారు. కోతలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. ఇంకా పైన ఒక స్త్రీ నడుముకి తాడు కట్టుకుని గుత్తులు కోస్తోంది. మామయ్యగారు ఆమెనే చూస్తూ, ఈ పంట తాగేవాడికి ఈ తాడు కనపడదు కదా అన్నారు.

బైల్‌స్టైన్ దగ్గర ఒక ఇంటి ముందు బల్ల మీద పళ్ల బుట్టలున్నాయి. అమ్మేవాళ్లెవరూ లేరు, డబ్బులేసే డబ్బా ఉందంతే. ద్రాక్షతోటల్లో పెరిగే ఒక రకం పీచ్ పళ్లవి. పైకి బూడిద రంగు, కోస్తే లోపల బీట్‌రూట్ ఎరుపు. వగరు, పులుపు, ఆఖర్న తీపి. రెండు బుట్టలు కొన్నాం. సాయంత్రం ఆరింటికి కోఖెమ్. ఊరి నెత్తిన కోట, పిల్లల పుస్తకంలో అట్ట మీద బొమ్మలా ఉంది.

ఆదివారం ప్లాను తేలికే. కోబ్లెంజ్ దాకా యాభై కిలోమీటర్లు, మధ్యలో మోసెల్‌కెర్న్ దగ్గర ఆగి అడవిలో ఉన్న ఎల్ట్స్ కోట చూడడం. పది గంటలకి సైకిళ్లు బయటికి తీస్తుంటే కిరణ్ ఫోన్. గొంతులో తొందర. స్పీకర్లో పెట్టాను.

"నాన్నకి సీటొచ్చింది. రేపు మధ్యాహ్నం ఫ్లైటు. పొద్దున తొమ్మిదికి ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఫారాలు నింపాలి, సామాను సర్దాలి. పదకొండింటికి రైలుంది, ఎక్కేయండి."

ఏడు నెలలుగా ఎదురుచూసిన మాట. మామయ్యగారు మాత్రం నది వైపు చూశారు. ఇంకెంత దూరమని అడిగారు. యాభై అన్నాను. సాయంత్రం కూడా రైళ్లుంటాయి కదా అన్నారు.

"నాన్నా, దారిలో ఏదైనా అయితే? ఈ సీటు పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు," అన్నాడు కిరణ్.

"ఏమవుద్దిరా. దారి పొడుగునా పట్టాలు కనపడతానే ఉన్నాయిగా."

అది నిజమే. కోఖెమ్ నుంచి కోబ్లెంజ్ దాకా ఊరూరా చిన్న స్టేషన్లున్నాయి, గంటకో బండి. అయినా ఆదివారం, పైగా సైకిళ్లకి చోటు దొరుకుతుందో లేదో. మామయ్యగారు నా వైపు చూశారు. తేల్చాల్సింది నేనని అర్థమైంది. ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉంటామని కిరణ్‌కి చెప్పాను. "నీ ఇష్టం," అని పెట్టేశాడు. ఆ రెండు మాటలకి అర్థం పెళ్లయినవాళ్లందరికీ తెలుసు.

ఎల్ట్స్ కోట మానేశాం. పన్నెండున్నరకి మోసెల్‌కెర్న్ దగ్గర ఆ దారి చూపించే పలక కింద బెంచీ మీద పది నిమిషాలు కూర్చుని రొట్టె, పీచ్ పళ్లు తిన్నాం. రేపీపాటికి ఈయన ఇక్కడ ఉండరు. అప్పుడు చెప్పకపోతే ఇక చెప్పనని నాకు తెలిసిపోయింది. చేతిలో పండు పట్టుకునే అన్నాను.

"మామయ్యగారూ, ఏప్రిల్లో నేను అలా అరవకుండా ఉండాల్సింది. అదీ పక్కింటాయన ముందు. చాలా తప్పు చేశాను."

ఆయన నోట్లో ముద్ద నమిలి మింగారు. అదేం లేదమ్మా అంటారనుకున్నాను.

"బాధపడ్డాను," అన్నారు. "అబద్ధం చెప్పను. నా ఇంట్లో అయితే నేనూ నిన్ను తిట్టేవాణ్ణేమో. ఇది నా ఇల్లు కాదనిపించింది."

నేను తల దించుకున్నాను. ఆయన ఆపలేదు.

"కానీ ఆ రోజు నుంచీ సాయంత్రం పూట నా గది ముందు టీ పెట్టి ఎల్లిపోయేదానివి. తలుపు కొట్టకుండా. ఈ పిల్లకి మాట రావట్లేదు, అందుకే టీ పెడతంది అని తెలుసు నాకు. ఒక్కసారి కొడితే బాగుండేది. నేనైనా బయటికొచ్చి ఉండాల్సింది. ఇద్దరం తలుపుకి చెరోపక్కా ఉండిపోయాం."

ఆ ముసలాయన ఇప్పుడెలా ఉన్నారో కనుక్కుంటానని అన్నాను. బాగానే ఉన్నాడట. రోజూ కిటికీలోంచి ఒకరికొకరు చెయ్యూపుకుంటూనే ఉన్నారట. నాకు అదీ తెలియదు. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆయన జేబులోంచి రుమాలు తీసి ఇవ్వబోయి, ఈ రోజుల్లో ఎవరిది వాళ్లదేనమ్మా అని మళ్లీ పెట్టుకున్నారు.

మధ్యాహ్నం రెండున్నర దాటాక, ఇంకా ఇరవై కిలోమీటర్లుందనగా నా వెనక చక్రం మెత్తబడింది. పంచరు. నా దగ్గర రిపేరు డబ్బా ఉంది. కొన్న రోజు నుంచీ మూత తియ్యలేదు. తర్వాతి స్టేషను నాలుగు కిలోమీటర్లు, నడిపించుకుంటూ వెళ్తే గంట. కిరణ్ గొంతు చెవిలో మోగింది. మామయ్యగారు అప్పటికే సైకిలు తలకిందులు చేసి చక్రం ఊడదీస్తున్నారు. తిండి సంచిలోంచి రెండు స్టీలు చెంచాలు అడిగి, వాటితో టైరు అంచు పైకి లేపి ట్యూబు బయటికి లాగారు. పంపుతో గాలి కొట్టి, నది మెట్ల మీద కూర్చుని నీళ్లలో ముంచారు. సన్నటి బుడగలు వచ్చాయి. అక్కడ గోటితో గుర్తు పెట్టి, తుడిచి, గీరి, సొల్యూషన్ రాసి, ఊది, అతుకు వేశారు. నేను వెంటనే ట్యూబు ఎక్కించబోతే ఆపి, టైరు లోపలంతా వేళ్లతో నిదానంగా తడిమారు. ముళ్లపొద ముల్లు ఒకటి దొరికింది.

"ఇది తియ్యకపోతే అరకిలోమీటరు పోయాక మళ్లీ కూర్చోవాలి," అన్నారు.

మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. అటుగా వెళ్తున్న ఒక సైకిళ్ల జట్టు ఆగి, సాయం కావాలా అని అడిగి, ఆయన పని చూస్తూ నిలబడిపోయింది. వాళ్లలో ఒకాయన నాతో, ఈయన దుకాణం ఎక్కడ అని అడిగాడు.

అక్కణ్ణుంచి ఆగకుండా తొక్కాం. ఎదురుగాలి మొదలైంది. ఆయన, నా వెనకే ఉండమ్మా, గాలి నేను కాస్తాను అని ముందుకెళ్లారు. అయిదూ పదికి కోబ్లెంజ్ కొసన, మోసెల్ వెళ్లి రైన్‌లో కలిసే చోట ఆగాం. రాతి అరుగు కొస నిలబడితే రెండు నీళ్లూ కాసేపు పక్కపక్కనే, వేరువేరు రంగుల్లో పోతుంటాయి. మామయ్యగారు మెట్లు దిగి చేతులు తడుపుకుని నెత్తిన చల్లుకున్నారు. మా ఊరికి అవతల గోదారి సముద్రంలో కలిసేది చూశాను గానీ, నది నదిలో కలవడం ఇదే చూడ్డం అన్నారు. కొసాకరు దాకా తొక్కొచ్చామని కిరణ్‌కి ఫొటో పంపమన్నారు. పంపాను. బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది. కోపం తగ్గినట్టే.

ఆరు దాటాక దొరికిన బండిలో సైకిళ్లకి ఆఖరి చోటు మాదే. మర్నాడు మధ్యాహ్నం ఆయన విమానం ఎక్కారు, తెల్లారకముందే హైదరాబాదు చేరారు. ఇక ఈ దారి గురించి నేను చెప్పేది ఇదీ. కండబలం ఉన్నవాళ్లకోసం కాదు ఈ లోయ. నది నడిపిస్తుంది. సెప్టెంబరు మొదటి వారంలో వెళ్లండి, ద్రాక్ష పండి ఉంటుంది, ఎండ మాడ్చదు. కోటలు కింది నుంచి చూసినా చాలు. నాలుగు రోజులకి తక్కువ పెట్టుకోవద్దు. మొదటి రెండు రోజులూ ఒళ్లు అలవాటు పడడానికే పోతాయి. మనుషులతో కూడా అంతే అనిపించింది నాకు.

ఆ ఆదివారం రైల్లో మా ఎదుటి వరసలో తెల్లజుట్టు జర్మన్ ఆవిడ కూర్చుంది. మా బురద బూట్లు, ఎండకి కమిలిన మామయ్యగారి చేతులు చూసి, ఎక్కణ్ణుంచి వస్తున్నారని అడిగింది. ట్రియర్ నుంచి అన్నాను. ఆవిడ కనుబొమలు లేచాయి. మీ నాన్నగారా అంది. మామగారు అనే పొడుగాటి జర్మన్ మాట మొదలుపెట్టాను. మామయ్యగారు నా చెయ్యి తట్టి, ఏమంటోంది అని అడిగారు. చెప్పాను.

"అంత మాటెందుకు, ఫాటర్ అనెయ్," అన్నారు. నాన్న అనే ఆ జర్మన్ మాట ఆద్య బొమ్మల పుస్తకంలో నేర్చుకున్నారట.

అవునండీ, నాన్నే అన్నాను ఆవిడతో. ఆవిడ ఆయన వైపు తిరిగి ఇంకేదో అడగబోయింది. ఆయన అప్పటికే మాస్కు ముక్కు మీదికి సర్దుకుని, జవాబు చెప్పడానికి సిద్ధంగా ముందుకు వంగి కూర్చున్నారు.